యూనిఫాంలో ఉండి విమాన సాంకేతిక డిగ్రీ: సగంలో మానేయాలా?

ప్రశ్న: నేను సైన్యంలో టెక్నీషియన్‌గా చేరాను. తర్వాత కమిషన్ వచ్చి అధికారినయ్యాను, ఇప్పుడు కెప్టెన్ హోదాలో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. వయసు 36. కిందటేడు ఏవియేషన్ టెక్నాలజీ డిగ్రీలో పార్ట్‌టైమ్‌గా చేరాను. మొదటి సెమిస్టర్ ఎలాగో గట్టెక్కింది. రెండో సెమిస్టర్లో లెక్కలు, థర్మోడైనమిక్స్ మొదలయ్యేసరికి చేతులెత్తేసే పరిస్థితి వచ్చింది. స్కూల్లో చదివిన లెక్కలు ఎప్పుడో మర్చిపోయాను. క్లాసులో అందరూ నాకంటే చాలా చిన్నవాళ్లు, చెప్పే లెక్చరర్లలో కొందరు ఇంజిన్ కవర్ కూడా విప్పి ఉండరు. ఫీల్డ్ ఎక్సర్‌సైజులు సరిగ్గా పరీక్షల టైమ్‌కే పడుతున్నాయి. చివరి ఏడాది ప్రాజెక్టుకి మా యూనిట్ ఇంజిన్ల రికార్డులు వాడుకోవచ్చా? సర్వీసు అయిపోయాక పౌర విమానయానంలో ఈ డిగ్రీ పనికొస్తుందా, లేక లైసెన్స్ చేసుకోవడమే మేలా? "ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నారు" అంటోంది మా ఆవిడ. మానేయమంటారా?

సమాధానం:

కెప్టెన్ గారూ, మానేయకండి. మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా ఈ చదువు మీవల్ల కాదని చెప్పేది కాదు. లెక్కలు మర్చిపోవడం, టైమ్ దొరక్కపోవడం, చిన్నవాళ్ల మధ్య కూర్చోవడం, ఇవన్నీ సర్దుకునేవే. నాకు కంగారు పుట్టించింది వేరే మాట. లెక్చరర్లలో కొందరు ఇంజిన్ కవర్ కూడా విప్పి ఉండరు అన్నారే, అది. నిజమే కావచ్చు. కానీ మీరు వాళ్ల దగ్గరికి వెళ్లింది కవర్ విప్పడం నేర్చుకోవడానికి కాదు కదా, అది మీకు కొట్టిన పిండి. మాన్యువల్లో ఉన్న అంకె అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి వెళ్లారు. హ్యాంగర్‌లో మనకి "ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి" అన్నది నేర్పిస్తారు, "ఎందుకు" అని అడిగే తీరిక అక్కడ ఉండదు, చాలాసార్లు అడగాల్సిన అవసరమూ పడదు. డిగ్రీ మొత్తం ఆ "ఎందుకు" మీదే నడుస్తుంది. ఇది మనసుకి పట్టకపోతే మీ అనుభవమే మీకు అడ్డం పడుతుంది, "ఇదంతా నాకు తెలిసిందే, వీళ్లు అనవసరంగా సమీకరణాలు రాస్తున్నారు" అనిపిస్తుంది. నేను చదువు చెప్పిన సర్వీసు అధికారుల్లో సగంలో వదిలేసినవాళ్లు చాలామంది తెలివి చాలక వదిలేసినవాళ్లు కాదు, ఈ చికాకుతో వదిలేసినవాళ్లు.

రోజూ మీ చేతుల మీదుగా జరిగే పనే తీసుకుందాం. ఒక బోల్ట్‌ని మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (తిప్పే బలానికి) బిగిస్తారు, రెంచ్ క్లిక్‌మంటుంది, పని అయిందని సంతకం పెడతారు. కానీ ఆ రెండు భాగాల్నీ కలిపి పట్టి ఉంచేది టార్క్ కాదు. బోల్ట్ అతి కొద్దిగా సాగి, వెనక్కి రావాలని చూస్తూ, రెండు భాగాల్నీ నొక్కి పడుతుంది, అసలు పని చేసేది ఆ బలం. మీరు రెంచ్ మీద పెట్టిన శ్రమలో దాదాపు 90 శాతం బోల్ట్ తల కిందా మరల మధ్యా రాపిడికే పోతుంది, మిగిలిన 10 శాతమే బోల్ట్‌ని సాగదీస్తుంది. ఇప్పుడు ఆ మరల మీద నూనె పడిందనుకోండి. రాపిడి తగ్గింది, రెంచ్ మాత్రం అదే అంకె దగ్గర క్లిక్‌మంది, లోపల బోల్ట్ మీద పడ్డ బలం మాత్రం అనుకున్నదానికంటే బాగా ఎక్కువ. పొడి మరలకి ఒక టార్క్, నూనె రాసిన మరలకి ఇంకో టార్క్ అని మాన్యువల్ విడగొట్టి చెప్పేది అందుకే. మీరు ఇన్నేళ్లుగా అది పాటిస్తూనే ఉన్నారు. క్లాసులో దీన్నే ఒక్క వరసలో రాస్తారు: టార్క్ అంటే ఒక గుణకాన్ని బోల్ట్ వ్యాసంతోనూ ఆ బలంతోనూ గుణిస్తే వచ్చేది. రాపిడి సంగతంతా ఆ గుణకంలోనే ఉంటుంది, పొడి ఉక్కు మరలకి సుమారు 0.2. నూనె వల్ల అది 0.15కి పడిపోతే, అదే టార్క్‌కి బలం మూడో వంతు పెరుగుతుంది. మీరే వేసి చూడండి, రెండు నిమిషాల లెక్క. కవర్ విప్పని లెక్చరర్ మీకు ఇవ్వగలిగింది ఇదే, ఇది చిన్నదేం కాదు.

ఎందుకు చిన్నది కాదంటే, 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం గురించి మీరు హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనుషుల పొరపాట్ల మీద పాఠం) క్లాసులో వినే ఉంటారు. 17,300 అడుగుల ఎత్తులో కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది, ఆయన నడుము దాకా బయటికి లాగేయబడ్డాడు, సిబ్బంది కాళ్లు పట్టుకుని ఉంటే కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం బాగుండి అందరూ బతికారు. అంతకు ముందే రాత్రి షిఫ్ట్‌లో ఆ అద్దం మార్చారు. దానికి వేసిన 90 బోల్ట్‌లలో 84 బోల్ట్‌ల వ్యాసం ఉండాల్సినదానికంటే 0.026 అంగుళం తక్కువ. మిగతావి పొట్టివి. మార్చినాయన అనుభవం లేనివాడేం కాదు, షిఫ్ట్ మేనేజర్. పాత బోల్ట్ పక్కన పెట్టి కంటితో పోల్చి ఎంచుకున్నాడు, టార్క్ పరిమితి ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే బిగించాడు. క్లాసులో దీన్ని "పార్ట్ నంబర్ కేటలాగ్‌లో చూడాలి" అన్న పాఠంగా చెప్పి వదిలేస్తారు. మీరు ఇంకో మెట్టు దిగండి. ఆయన పోల్చిన ఆ పాత బోల్ట్‌లు కూడా సరైనవి కావు, కావలసినదానికంటే పొట్టివి. అయినా అవి అన్నాళ్లు ఎలా పట్టుకున్నాయి? కొత్తవి వ్యాసం అంత కొంచెం తగ్గితే ఎందుకు పట్టుకోలేకపోయాయి? మరలు ఒకదానిలో ఒకటి ఎంత లోతుగా కూర్చుంటాయి, ఆ తాకే వైశాల్యం ఎంత, అద్దం మీద లోపలి గాలి ఒత్తిడి ఎంత, దాన్ని 90 బోల్ట్‌లు ఎలా పంచుకుంటాయి. మీ సెమిస్టర్లో ఉన్న మెకానిక్స్ పాఠం సగం ఇందులోనే ఉంది.

ఇక లెక్కలు. భయం ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీరు మర్చిపోయింది క్యాలిక్యులస్ అని మీరనుకుంటున్నారు. సాధారణంగా అది కాదు. మీ వయసులో తిరిగి చదువుకొచ్చేవాళ్లు తడబడేది అంతకంటే కింద: సమీకరణంలో ఒక అక్షరాన్ని ఇటు నుంచి అటు జరపడం, ఘాతాలు, లాగరిథమ్స్, త్రికోణమితి, అన్నిటికంటే ముఖ్యంగా యూనిట్లు. ఇవి గట్టిపడితే డిఫరెన్షియేషన్ అంత గడ్డుగా ఉండదు, ఇవి లేకుండా ఇంటిగ్రేషన్ వీడియోలు ఎన్ని చూసినా ఆ సాయంత్రానికి అర్థమైనట్టే ఉండి తెల్లారేసరికి ఆవిరైపోతుంది. కాబట్టి సిగ్గుపడకుండా స్కూలు పుస్తకాలు తెచ్చుకోండి. ఒక నెల పాటు రోజుకి ముప్పావు గంట వాటికే కేటాయించండి. చదవడం కాదు, చేత్తో వేయడం. సెమిస్టర్ సిలబస్ ఆ నెలలో కాస్త వెనకబడినా ఫర్వాలేదు, తర్వాత మీరు అందుకునే వేగం వేరేగా ఉంటుంది.

యూనిట్ల గురించి అంత గట్టిగా ఎందుకు చెప్పానంటే, 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 విమానం ఒకటి గాల్లో ఇంధనం మొత్తం అయిపోయి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో గ్లైడర్‌గా దిగింది. ఆ లెక్క నేను నా విద్యార్థులందరిచేతా వేయిస్తాను, మీరూ వేయండి. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో అప్పటికే 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. లీటర్‌ని కిలోల్లోకి మార్చడానికి సుమారు 0.8తో గుణించాలి, వాళ్లు 1.77తో గుణించారు. అది లీటర్‌ని పౌండ్లలోకి మార్చే అంకె. ఇంకా ఎన్ని లీటర్లు నింపాలో 1.77తో ఒకసారి, 0.803తో ఒకసారి వేసి చూడండి. ఒకదాంట్లో ఐదు వేలలోపు వస్తుంది, రెండోదాంట్లో ఇరవై వేలు దాటుతుంది. తప్పు గుణకారంలో లేదు, ఆ అంకె పక్కన యూనిట్ రాసుకోలేదంతే. మీ నోట్‌బుక్‌లో ఈ రోజు నుంచి ప్రతి వరసలో ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయండి. పరీక్షల్లో పోయే మార్కుల్లో పెద్ద వాటా దీంతోనే నిలబడుతుంది.

లాగరిథమ్స్ ఎందుకని విసుక్కుంటున్నట్టయితే మీ హెలికాప్టర్‌నే అడగండి. మెయిన్ రోటర్ నిమిషానికి 300 సార్లు తిరుగుతుందనుకుందాం. తిరిగిన ప్రతిసారీ రెక్క మీద బలం పెరిగి తగ్గుతుంది. గంటకి 18,000 సార్లు, వెయ్యి గంటలకి 1 కోటి 80 లక్షల సార్లు. అదే ప్రయాణికుల విమానం క్యాబిన్ తీసుకుంటే ఒక్కో ప్రయాణానికి ఒక్కసారే గాలి నింపి తీస్తారు. 1954లో రెండు కామెట్ ప్రయాణికుల జెట్ విమానాలు గాల్లో విచ్చిపోయాక, అలాంటిదే ఇంకో విమానపు క్యాబిన్‌ని బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో నీళ్ల ట్యాంకులో ముంచి మళ్లీ మళ్లీ ఒత్తిడి పెట్టి చూశారు. అంతకు ముందు అది ఎగిరిన ప్రయాణాలూ ట్యాంకులో చేసినవీ కలిపి 3,057 దగ్గర చీలిపోయింది. ఇక్కడ వేలు, అక్కడ కోట్లు. ఇంత తేడా ఉన్న అంకెలని ఒకే గ్రాఫ్ మీద చూడాలంటే లాగ్ స్కేల్ తప్ప మార్గం లేదు. మీ లాగ్‌కార్డుల్లో ఒక భాగానికి ఇన్ని గంటలు, టర్బైన్ డిస్క్‌కి ఇన్ని సైకిళ్లు (ఇంజిన్ నడిపి ఆపిన సార్లు) అని వేర్వేరుగా ఎందుకు లెక్కపెడతారో ఆ గ్రాఫ్ ముందు కూర్చుంటే కనిపిస్తుంది.

థర్మోడైనమిక్స్ కూడా ఇలాగే, మీకు తెలిసిన చోటు నుంచి పట్టుకోండి. ఇసుక నేలల్లోనో సముద్రం ఒడ్డునో ఎగిరి వచ్చాక కంప్రెసర్ (ఇంజిన్‌లోకి వచ్చే గాలిని నొక్కే భాగం) వాష్ చేయిస్తారు కదా. కడిగాక పవర్ చెక్ చేస్తే, అదే పవర్‌కి టర్బైన్ ఉష్ణోగ్రత కొంచెం తగ్గి కనిపిస్తుంది. ఎందుకు తగ్గింది? బ్లేడ్ల మీద మురికి, ఉప్పు పేరుకుంటే గాలి సాఫీగా పారదు, కంప్రెసర్ సామర్థ్యం పడిపోతుంది. అదే ఒత్తిడికి గాలిని నొక్కడానికి దానికి ఇంకా ఎక్కువ పని కావాలి. ఆ పని ఇవ్వాల్సింది వేడి వాయువులతో తిరిగే టర్బైనే. టర్బైన్ ఎక్కువ ఇవ్వాలంటే ఎక్కువ ఇంధనం మండాలి, కాబట్టి వేడి పెరుగుతుంది. ఇప్పుడు మీ పుస్తకంలో బ్రేటన్ సైకిల్ (గ్యాస్ టర్బైన్ ఇంజిన్ పనిచేసే చక్రం) బొమ్మ తెరవండి, ఉష్ణోగ్రత నిలువుగా, ఎంట్రోపీ (శక్తి చెదిరిపోవడానికి కొలత) అడ్డంగా ఉన్నది. ఆదర్శ కంప్రెసర్‌కి గీత నిట్టనిలువుగా లేస్తుంది. నిజమైన కంప్రెసర్‌కి కొంచెం కుడికి వాలుతుంది. మురికి పట్టిన కంప్రెసర్‌కి ఇంకాస్త వాలుతుంది. మీరు నీళ్లు కొట్టించి చేసిన పనల్లా ఆ గీతని కొంచెం నిలబెట్టడమే! ఎంట్రోపీ అనగానే నీళ్లు నమిలే విద్యార్థులు ఈ ఒక్క ఉదాహరణతో కుదురుకోవడం నేను చాలాసార్లు చూశాను, వాళ్లలో వాష్ చేసినవాళ్లు తక్కువ, మీరు చేసినవారు. వేడి ఎందుకంత ముఖ్యమో కూడా అక్కడి నుంచే వస్తుంది. టర్బైన్ బ్లేడ్లు ఎర్రటి వేడిలో, విపరీతమైన లాగుడు కింద, గంటల తరబడి తిరుగుతూ మెల్లగా సాగుతాయి, దాన్నే క్రీప్ అంటారు, ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా వాటి ఆయుష్షు బాగా తరిగిపోతుంది. మాన్యువల్లో టర్బైన్ ఉష్ణోగ్రత పరిమితి పక్కన ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు అని ఉండేది అందుకే.

ప్రతి వారం ఇలా ఒక్కటి చేయండి: ఆ వారం హ్యాంగర్‌లో వచ్చిన ఒక స్నాగ్ (విమానంలో లోపం) తీసుకుని, అది మీ సిలబస్‌లో ఏ అధ్యాయంలో పడుతుందో వెతికి, దాని వెనక ఉన్న సూత్రం ఒక పేజీ రాయండి. (సూత్రం మాత్రమే. విమానం నంబరు, తేదీ, యూనిట్ వివరాలు ఆ నోట్‌బుక్‌లోకి రాకూడదు.)

క్లాసులో చిన్నవాళ్ల సంగతి. ర్యాంక్ గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లండి. కెప్టెన్‌కి ఒక మాటంటే పదిమంది వినే అలవాటు ఉంటుంది, "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం నోటికి రాదు, దాంతో వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటారు. ముందు కూర్చుని అడగండి. ఆ పిల్లల్లో లెక్కలు బాగా వచ్చినవాళ్లు ఇద్దరు ఉండకపోరు, వాళ్లకి నిజమైన గేర్‌బాక్స్ లోపల ఏముంటుందో, చిప్ డిటెక్టర్ (నూనెలోని లోహపు రజను పట్టే పరికరం) మీద ఇనుప రజను కనపడితే ఏం చేస్తారో చెప్పేవాళ్లు లేరు. మీరది చెప్పండి, వాళ్ల దగ్గర ఇంటిగ్రేషన్ చెప్పించుకోండి.

ఈ సందర్భంలో ఫ్రాంక్ విటిల్ పేరు తలుచుకోకుండా ఉండలేను. జెట్ ఇంజిన్ కనిపెట్టినవాళ్లలో ఆయన ఒకడని అందరికీ తెలుసు. ఆయన బ్రిటన్ వైమానిక దళంలో మీలాగే కింది నుంచి వచ్చినవాడని అంతమందికి తెలియదు. శరీర కొలతలు చాలవని మొదట తిప్పి పంపేశారు, 1923లో అప్రెంటిస్‌గా చేరాడు, 1926లో అధికారి శిక్షణకి ఎంపికయ్యాడు. 1930లో జెట్ ఇంజిన్ పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. అంతా అయ్యాక, 1934లో, వైమానిక దళం ఆయన్ని కేంబ్రిడ్జ్‌కి పంపితే అక్కడ డిగ్రీ విద్యార్థిగా కూర్చున్నాడు. అప్పటికే పేటెంట్ చేతిలో ఉన్న మనిషి! రెండేళ్లలో ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు, ఆ చదువు నడుస్తుండగానే 1936లో ఇంజిన్ తయారీకి పవర్ జెట్స్ అనే సంస్థ మొదలైంది, 1937 ఏప్రిల్ 12న ఇంజిన్ మొదటిసారి తిరిగింది. ఆలోచన ఆయనకి ముందే ఉంది, దాన్ని లెక్కతో నిలబెట్టే బలం చదువుతో పెరిగింది. అందరూ విటిల్ కారు, సరే. చేతి పని నుంచి వచ్చిన అధికారి లెక్కల క్లాసులో కూర్చోవడం కొత్తా కాదు, చిన్నతనమూ కాదు.

ఎక్సర్‌సైజులూ పరీక్షలూ ఒకేసారి రావడం గురించి. మీ కమాండింగ్ ఆఫీసర్‌కి మీరు చదువుతున్న సంగతి నోటి మాటగా తెలిస్తే చాలదు. రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, సెమిస్టర్ మొదట్లోనే పరీక్షల తేదీలు ఆ కాగితానికి జత చేసి ఇవ్వండి. అలాగే విద్యాసంస్థకి కూడా, డ్యూటీ వల్ల పరీక్ష తప్పితే మళ్లీ రాసే అవకాశం నిబంధనల్లో ఉందా, ఉంటే ఏ కాగితం ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇవన్నీ ఇప్పుడే అడిగి రాయించుకోండి. డ్యూటీకి వెళ్లాక బతిమాలుకోవడం కంటే ముందే అడగడం మర్యాదగా ఉంటుంది, పని కూడా అవుతుంది. ఎక్సర్‌సైజ్ ఉన్న నెలల్లో భారీ సబ్జెక్టులు పెట్టుకోకండి. సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులే తీసుకుని ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేస్తే ఎవరూ అడగరు.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీ పడను, మీరూ పడొద్దు. రాత్రంతా పరీక్షకి చదివి ఉదయాన్నే విమానానికి సంతకం పెట్టకండి. 1997లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోయింది. తాగి వచ్చిన టెక్నీషియన్‌ని మీరు విమానం దగ్గరికి రానివ్వరు. నిద్ర లేకుండా వచ్చిన మిమ్మల్ని మీరు రానివ్వకండి. పరీక్ష మర్నాడు డ్యూటీ ఉంటే తోటి అధికారితో మార్చుకోండి, కుదరకపోతే ఆ పరీక్ష వదిలేయండి. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు.

ప్రాజెక్టుకి యూనిట్ రికార్డులు వాడొచ్చా అంటే, వాడకండి. ఇంజిన్ గంటలు, ఫెయిల్యూర్లు, ఏ విమానం ఎన్ని రోజులు నేల మీద ఉంది, ఇవి మీకు మామూలు మెయింటెనెన్స్ లెక్కల్లా కనిపిస్తాయి. బయటివాడికి అవి మీ దళం ఎంత సిద్ధంగా ఉందో చెప్పే లెక్కలు. నంబర్లు చెరిపేసినా సరిపోదు. పై నుంచి రాతపూర్వకంగా అనుమతి వస్తే తప్ప ఒక్క పేజీ కూడా బయటికి తీయొద్దు, అనుమతి అడుగుతూ కూర్చుంటే ప్రాజెక్టు గడువు దాటిపోతుంది. అమెరికా సైన్యంలో అధికారిగా ఉంటూ ఎంఐటీలో చదివిన జిమ్మీ డూలిటిల్ 1924లో ఫైటర్ విమానాన్ని తీవ్రంగా తిప్పి, రెక్కల మీద పడే బలాలు కొలిచి దాన్నే థీసిస్‌గా రాశాడు. కానీ అది సైన్యానికి తెలిసి, సైన్యం పరీక్షా కేంద్రంలో చేసిన పని. మీకు అంతకంటే సులువైన దారి ఉంది. నాసా సి-మ్యాప్స్ అనే సిమ్యులేషన్‌తో తయారు చేసిన టర్బోఫ్యాన్ (ఒక రకం జెట్) ఇంజిన్ల డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఇంజిన్ బాగున్న దశ నుంచి చెడిపోయేదాకా ప్రతి సైకిల్‌కీ 21 సెన్సార్ల రీడింగులు అందులో ఉంటాయి. నిజమైన ఇంజిన్లవి కావు, కాబట్టి రహస్యం అనే గొడవే లేదు. ఆ గీతలు చూడగానే "ఇది కంప్రెసర్ అరుగుదల" అనిపించే అనుభవం మీకుంది, క్లాసులో ఇంకెవరికీ లేదు. లేదా ప్రమాద దర్యాప్తు సంస్థలు ప్రచురించిన నివేదికల్లోంచి హెలికాప్టర్ గేర్‌బాక్స్ వైఫల్యాలు తీసుకుని పోల్చండి. మీ గైడ్‌తో మొదటి రోజే చెప్పేయండి, సర్వీసు డేటా ఇవ్వలేనని.

లైసెన్సా, డిగ్రీయా అన్న ప్రశ్నకి సూటిగా చెబుతాను. రెండూ వేర్వేరు తాళాలకి తాళంచెవులు. విమానానికి సర్వీసింగ్ చేసి "ఇది ఎగరడానికి సిద్ధం" అని సంతకం పెట్టే హక్కు లైసెన్స్ ఇస్తుంది, ఎంత పెద్ద డిగ్రీ అయినా ఆ హక్కు ఇవ్వదు. ఉదాహరణకి యూరప్‌లో పార్ట్-66 అనే నిబంధన కింద లైసెన్స్ ఇస్తారు, లెక్కలు, ఫిజిక్స్ నుంచి మొదలుపెట్టి మాడ్యూళ్ల వారీగా పరీక్షలు ఉంటాయి, ప్రతిదాంట్లో 75 శాతం రావాలి. సైన్యంలో పనిచేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే వీలుంది కానీ, దానికి తోడు పౌర విమానాల మీద కొంత అనుభవం కూడా చూపించాలి. చాలా దేశాల పద్ధతి దీనికి దగ్గరగానే ఉంటుంది, మీకు వర్తించేది మీ విమానయాన నియంత్రణ సంస్థ సైట్‌లో చూసుకోండి. డిగ్రీ ఇచ్చే అవకాశాలు వేరు: మెయింటెనెన్స్ ప్లానింగ్, రిలయబిలిటీ (భాగాలు ఎంత నమ్మకంగా పనిచేస్తాయన్న విశ్లేషణ), నాణ్యత, భద్రత, తయారీ సంస్థల సాంకేతిక విభాగాలు. 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు అమెరికా రక్షణ శాఖ కోసం ఒక నివేదిక రాశారు. గంటలు నిండాయని భాగాలు మార్చేస్తే విమానం భద్రంగా ఉంటుందన్న నమ్మకం చాలా భాగాల విషయంలో నిలబడదని, వాళ్లు చూసిన వాటిలో 11 శాతం మాత్రమే వయసుతో పాటు చెడిపోయే తీరు చూపించాయని అందులో తేల్చారు. నేటి మెయింటెనెన్స్ షెడ్యూళ్ల ఆలోచన చాలా వరకు అక్కడి నుంచి వచ్చింది. మీకు ఆ నివేదిక ఆసక్తిగా అనిపిస్తే డిగ్రీ వైపే మీ దారి. విమానం పక్కన నిలబడి పనిచేయడమే ఇష్టమనుకుంటే డిగ్రీ నడుస్తుండగానే లైసెన్స్ మాడ్యూళ్లు ఒక్కొక్కటి రాసుకుంటూ పోండి, లెక్కలు, ఫిజిక్స్, మెటీరియల్స్, ఏరోడైనమిక్స్ రెండింటికీ ఉమ్మడివే కాబట్టి ఒక చదువు రెండు చోట్ల పనికొస్తుంది. ఏదైనా సరే, మీ శిక్షణ కోర్సుల సర్టిఫికెట్లు, ఏ పని ఎంతకాలం చేశారో చెప్పే పత్రాలు, బయటికి ఇవ్వదగిన రూపంలో, అధికారిక సంతకంతో, సర్వీసులో ఉండగానే సంపాదించి పెట్టుకోండి. బయటికి వచ్చాక వాటి కోసం తిరగడం చాలా కష్టం.

ఇంట్లో మాట. మీ ఆవిడ చదవొద్దనలేదు, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నారన్నారు. ఆ రెండూ ఒకటి కాదు. రోజంతా పుస్తకం ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ కాకుండా గడిపే బదులు, చదివే గంట ఏదో ఆవిడతో కలిసి కూర్చుని తేల్చండి, ఆ గంటలో తలుపు వేసుకోండి, అది దాటాక పుస్తకం మూసేయండి. వారంలో ఒక రోజు పూర్తిగా పుస్తకం ముట్టుకోకండి. పరీక్షల నెల ఎప్పుడో ఆవిడకి మీ కమాండింగ్ ఆఫీసర్ కంటే ముందు తెలియాలి.

ఇంత చెప్పినా ఈ సెమిస్టర్ నిజంగా చేయి దాటిపోయిందనిపిస్తే, డిగ్రీ మానేయకుండా సబ్జెక్టు నుంచి మాత్రం తప్పుకునే గడువు ఎప్పుడుందో రేపే ఆఫీసులో కనుక్కోండి. గడువులోపల తప్పుకుంటే చాలాచోట్ల అది ఫెయిల్ కింద పడదు. థర్మోడైనమిక్స్ వచ్చే సెమిస్టర్‌కి జరిపి, ఇప్పుడు లెక్కలు ఒక్కటే పట్టుకోండి. గిమ్లీ లెక్కలో మీకు ఎన్ని లీటర్లు వచ్చాయో నాకు రాయండి, యూనిట్లతో సహా.